రాస్ప్‌బెర్రీ పై లేవట్లేదా? ముందు కార్డు ఫార్మాట్ కొట్టకండి

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, ఇంట్లో చిన్న సర్వర్లు నడుపుకునేవాళ్ళు కూడినప్పుడు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల బెంచీలకి వినబడతందా? ఆ ఫ్యాన్ చప్పుడు కొంచెం ఎక్కువగానే ఉంది, నేనే గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై, అదే ఆ బుల్లి కంప్యూటర్ బోర్డు, దానిమీద సర్వర్ పెట్టుకున్నాం, పిల్లల ఫొటోలు అందులోనే, సినిమాలకి జెల్లీఫిన్ అందులోనే, యాడ్లు ఆపడానికి పై-హోల్ అందులోనే, ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే అది లేవలేదు. ఎర్ర లైటు వెలుగుతానే ఉంది, నెట్‌వర్క్‌లో మాత్రం కనబడదు, ఎస్‌ఎస్‌హెచ్ అవ్వదు, అంటే ల్యాప్‌టాప్ నుంచి దాంట్లోకి లాగిన్ అవ్వదు. అప్పుడు మనలో చాలామంది చేసేది ఏటంటే మెమరీ కార్డు పీకీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టీసి, ఇమేజర్ అని కార్డులోకి ఓఎస్ రాసే ప్రోగ్రాం ఓపెన్ చేసి కొత్త ఓఎస్ రాసీడం. పావుగంటలో పనైపోతాది, సర్వర్ లేచి కూర్చుంటాది, నిజమే. కానీ దాంట్లో ఉన్నదంతా ఆ పావుగంటలోనే పోతాది. పైగా ఎందుకు ఆగిందో తెలీలేదు కాబట్టి నెల తిరక్కుండా మళ్ళీ ఆగుతాది. అందుకే నా మాట ఇదొక్కటే, కార్డు మీద ఏమీ రాయకముందు అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనుక్కోండి.

ఎక్కడిదాకా వచ్చింది అంటే, ఇప్పుడు విశాఖపట్నంలో బయల్దేరిన రైలు పలాస రాలేదనుకోండి, మనం ఏం అడుగుతాం? విజయనగరం దాటిందా, చీపురుపల్లి దాటిందా, ఆముదాలవలస వచ్చిందా అని అడుగుతాం కదా. ఇదీ అంతే. ముందు బోర్డుకి సరైన కరెంటు అందాలి. తర్వాత బోర్డు మీదే ఉన్న బుల్లి చిప్‌లో, ఈఈప్రామ్ అంటాం, పై 4 నుంచి అందులోనే ఉంటాది బూట్‌లోడర్, అంటే మెషీన్‌ని లేపే మొదటి ప్రోగ్రాం, అది లేవాలి. అది కార్డులో మొదటి పార్టిషన్, అంటే మొదటి భాగం చదవాలి, అక్కడున్న ఫర్మ్‌వేర్‌నీ, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌నీ మెమరీలోకి ఎక్కించాలి, కెర్నల్ లేచి రెండో పార్టిషన్‌ని, అంటే అసలు లినక్స్ ఉన్నదాన్ని మౌంట్ చెయ్యాలి, ఆ తర్వాత సిస్టమ్‌డీ వచ్చి డిస్కులు, నెట్‌వర్క్, మన సర్వీసులు అన్నీ ఒక్కొక్కటీ లేపాలి. వీటిలో ఏది తప్పినా మనకి బయటికి కనబడేది ఒకటే, సర్వర్ రాలేదు. లోపల మాత్రం ఒక్కో చోట ఆగితే ఒక్కో మందు.

ముందు కరెంటు సంగతి చూద్దాం, ఎందుకంటే నా దగ్గరకొచ్చిన బోర్డుల్లో ఎక్కువ దీంతోనే తేలిపోయాయి.

ఎర్ర లైటు వెలుగుతోంది కదా, కరెంటు బాగానే ఉన్నట్టే కదా అంటారు. లేదండి. పై 4కి 5 ఓల్టుల దగ్గర 3 యాంపులు కావాలి, పై 3కి 2.5, పై 5కి అయితే ఏకంగా 5 యాంపులు. బోర్డు దగ్గర ఓల్టేజీ 4.63 కంటే తగ్గితే అండర్ ఓల్టేజ్ కింద లెక్క. ఇప్పుడు మన ఇళ్ళలో ఏం వాడతాం? పాత ఫోన్ చార్జరు, అది కూడా డ్రాయర్లో దొరికిన కేబుల్‌తో. ఫాస్ట్ చార్జర్ అని రాసి ఉంటాది, 33 వాట్లు, 65 వాట్లు అని, ఆ వాట్లన్నీ 9 ఓల్టులు, 20 ఓల్టుల దగ్గర లెక్క, మనకి కావాల్సింది 5 ఓల్టుల దగ్గర ఎన్ని యాంపులు అన్నది. చార్జర్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటాది, కళ్ళజోడు పెట్టుకునైనా చదవండి. 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్ కూడా 5 ఓల్టుల దగ్గర 3 యాంపులకే ఆగిపోవడం మామూలు. పై 5 దానిమీద లేస్తాది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపులే ఇస్తాది, దానికి డిస్కు తగిలిస్తే ఆ డిస్కు తిరగదు.

ఇదిగో ఈ బోర్డు చూడండి, ముందు వరసవాళ్ళు కొంచెం దగ్గరికి రండి. ఇది పై 4. ఈ 40 పిన్నులు ఉన్నాయి కదా, బయటి వరసలో రెండో పిన్ను 5 ఓల్ట్, నాలుగోది 5 ఓల్ట్, ఆరోది గ్రౌండ్. మల్టీమీటర్ ఎర్ర వైరు నాలుగో దానికి, నల్లది ఆరో దానికి పెట్టాను. జాగ్రత్త, పక్క పిన్నుకి తగలకూడదు, 5 ఓల్టులు 3.3 పిన్నుకి తగిలిందంటే బోర్డు పోతాది. సరే, ఇప్పుడు ఎంత చూపిస్తోంది? 5 దాటి ఉంది, బావుంది. ఇప్పుడీ పోర్టబుల్ డిస్కు తగిలిస్తున్నా... చూశారా, 4.8, 4.7, డిస్కు తిరగడం మొదలెట్టగానే 4.5కి వచ్చీసింది. ఇప్పుడు కేబుల్ ఒక్కటే మారుస్తున్నా, చార్జర్ అదే, ఈ పొట్టి లావు కేబుల్. అదే డిస్కు. 4.9 దగ్గర నిలబడింది. చార్జర్ మంచిదే, బోర్డు మంచిదే, మధ్యలో సన్నటి వైరే కాజేసింది. మెమరీ కార్డు మార్చినా, ఓఎస్ మార్చినా ఇది బాగుపడదు కదా.

అందుకని మొదటి పని, పై బోర్డుకి తగిలించినవన్నీ పీకీండి. డిస్కు, పెన్‌డ్రైవ్, హ్యాట్ అని పిన్నుల మీద పెట్టే అదనపు బోర్డు, ఫ్యాను, అన్నీ. ఒరిజినల్ అడాప్టర్ ఒకటి ఎవరిదైనా అరువు తెచ్చుకోండి, కంపెనీ అడాప్టర్లు 5.1 ఓల్టులు ఇస్తాయి, ఆ 0.1 ఊరికే పెట్టలేదు, కేబుల్‌లో పోయేదానికి. అప్పుడు ఆన్ చేసి చూడండి. లేచిందంటే గొడవ కరెంటుదే. లేచాక టెర్మినల్లో వీసీజెన్‌సీఎండీ గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అని కొట్టండి, 0ఎక్స్0 వస్తే శుభ్రం, 0ఎక్స్50000 లాంటిది వస్తే ఈసారి బూట్ అయిన తర్వాత కూడా ఎప్పుడో ఒకప్పుడు ఓల్టేజీ పడిపోయిందని అర్థం. పై 4 మొదట్లో, అంటే 2019లో వచ్చిన బోర్డుల్లో యూఎస్‌బీ-సీ దగ్గర ఒక డిజైన్ తప్పు ఉంది, కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్ కేబుళ్ళు పెడితే చార్జర్ అసలు కరెంటే ఇవ్వదు, తర్వాతి రివిజన్‌లో సరిచేశారు. మీ బోర్డు పాతదైతే మామూలు కేబుల్ పెట్టి చూడండి.

(సభలోంచి: ఇన్వర్టర్ ఉంటే చాలదా అన్నా?)

ఇన్వర్టర్ ఉంటే మంచిదే తమ్ముడూ, కానీ కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే మధ్యలో ఒక్క రెప్పపాటు ఉంటాది, నాసిరకం అడాప్టర్ అక్కడే తూలిపోతాది. మన జిల్లాకి అసలు బెడద అది కాదు. తిత్లీ తుఫాను గుర్తుంది కదా, 2018 అక్టోబర్ 11, పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనన్నాళ్ళూ మెషీన్‌కి ఏమీ కాదు, ఆఫ్‌లోనే ఉంది కదా. ఆ తర్వాత లైన్లు బాగుచేస్తా ఒకసారి ఇచ్చి, తీసి, మళ్ళీ ఇస్తారు చూడండి, అప్పుడు పోతాయి కార్డులు. పై బోర్డు సగం లేచి కార్డు మీద ఏదో రాస్తా ఉంటాది, కరెంటు పోతాది, మళ్ళీ లేస్తాది, మళ్ళీ పోతాది. గాలివాన అని తెలిసిన రోజు మీరే చక్కగా షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకీండి, కరెంటు నిలకడగా వచ్చాకే పెట్టండి.

సరే, కరెంటు బాగుంది, అయినా లేవలేదు. ఇప్పుడు పచ్చ లైటు చూడాలి. ఎర్రది కరెంటు, పచ్చది పని. కార్డు చదువుతుంటే పచ్చది చిందరవందరగా మిణుకుమంటాది. అలా కాకుండా లెక్కగా వెలిగి, ఆగి, మళ్ళీ అదే లెక్కలో వెలుగుతుంటే అది మనతో మాట్లాడుతోందన్నమాట. 4 సార్లు వెలిగి ఆగుతుంటే స్టార్ట్ ఫైలు, ఆ డాట్ ఈఎల్‌ఎఫ్ అని ఉంటాదే, అది దొరకలేదు. 7 సార్లు అయితే కెర్నల్ దొరకలేదు. 8 అయితే బోర్డు మీదున్న ర్యామ్ చిప్పే పోయింది, దానికి ఇంట్లో చేసేదేమీ లేదు. 4, 7 వచ్చాయంటే నాకు సంతోషం, ఎందుకంటే బోర్డు బతికుంది, 7 అయితే కార్డు కూడా ఎంతోకొంత చదవగలుగుతోంది, చాలాసార్లు ఫైలొకటి పోయింది అంతే. ఫోన్‌తో వీడియో తీసి లెక్కపెట్టండి, కంటితో లెక్క తప్పుతాది.

అసలు పచ్చ లైటే వెలగట్లేదు అంటే, టీవీకి తగిలించండి. పై 4లో రెండు బుల్లి హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి, కరెంటు పోర్టు పక్కనున్న దానికే పెట్టాలి, చాలామంది రెండో దానికి పెట్టీసి స్క్రీన్ రాలేదని కంగారు పడిపోతారు. మెమరీ కార్డు తీసీసి, ఉత్త బోర్డుని ఆన్ చెయ్యండి. తెర మీద అక్షరాలు వచ్చి, బోర్డు నంబరు, బూట్ దేని కోసం వెతుకుతోందో చూపించాయంటే బోర్డు క్షేమం, తప్పు కార్డుదే. ఏమీ రాకపోతే ఇంకో కార్డు, గుర్తు పెట్టుకోండి, మీ డేటా ఉన్న కార్డు కాదు, ఇంకోటి, ఎంత చిన్నదైనా పర్లేదు, ఇమేజర్‌లో మిస్క్ యుటిలిటీ ఇమేజెస్ అని ఉంటాది, అందులో బూట్‌లోడర్ ఎంచుకుని దాంట్లో రాసి పెట్టండి. ఈఈప్రామ్ బాగుపడితే పచ్చ లైటు గబగబా ఒకే లయలో కొట్టుకుంటాది, తెరంతా పచ్చగా అయిపోతాది. పై 3లో ఈ చిప్పే లేదు, బూట్‌కోడ్ కూడా కార్డులోనే ఉంటాది, కాబట్టి దానికి పచ్చ లైటు వెలగలేదంటే ముందు కార్డునే అనుమానించాలి.

ఇక కార్డు. ఇక్కడ చెప్పేది దయచేసి అందరూ వినండి. కార్డు తీసి విండోస్ ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఒక బాక్స్ వస్తాది, ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. అది కార్డు పోయిందని చెప్పడం కాదు. కార్డులో రెండు పార్టిషన్లు ఉంటాయి, మొదటిది ఫ్యాట్32, విండోస్‌కి తెలుసు. రెండోది ఈఎక్స్‌టీ4, విండోస్‌కి తెలీదు, తెలీనిది ఏదైనా దానికి ఖాళీ డిస్కే. మీ ఫొటోలున్నవి సరిగ్గా అందులోనే. క్యాన్సిల్ కొట్టండి. ఆ ఒక్క ఫార్మాట్ బటన్ దగ్గర పోయినన్ని ఇళ్ళ ఫొటోలు ఏ తుఫానులోనూ పోయుండవు, ఈ మాట మాత్రం నేను గట్టిగా అంటాను.

మొదటి పార్టిషన్ తెరుచుకుంటే సగం ఊపిరి పీల్చుకోవచ్చు. అందులో కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ, సీఎండీలైన్ డాట్ టీఎక్స్‌టీ, కెర్నల్ ఫైళ్ళు ఉన్నాయా చూడండి. సీఎండీలైన్ ఒకే ఒక్క లైను ఉండాలి, ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మధ్యలో ఎంటర్ కొట్టి సేవ్ చేసుంటే ఆ ఎంటర్ తర్వాత ఉన్నదేదీ కెర్నల్‌కి అందదు. దాన్లో రూట్ ఈజ్ ఈక్వల్ టు పార్ట్‌యూయూఐడీ అని పెద్ద నంబరు ఉంటాది, అది రెండో పార్టిషన్ చిరునామా. కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి కాపీ చేసుకున్నవాళ్ళకి ఈ నంబరు కొన్నిసార్లు మారిపోయి, కెర్నల్ లేచాక రూట్, అంటే ఆ రెండో పార్టిషన్, దొరక్క అక్కడే ఆగిపోతాది. తెర మీద కెర్నల్ పానిక్ అని వచ్చి, ఆ మెసేజ్ చివర బ్రాకెట్లో 179 కామా 2 అని ఉంటే, 179 అంటే మెమరీ కార్డు, 2 అంటే రెండో పార్టిషన్, అంటే పార్టిషన్ కనబడింది గానీ లోపల ఫైల్‌సిస్టమ్ చదవలేకపోయింది. 0 కామా 0 ఉంటే అసలు డిస్కే కనబడలేదు, లేదా ఆ చిరునామాతో పార్టిషన్ దొరకలేదు. కాబట్టి తెరని ఫొటో తీసుకోండి, ఆ రెండు అంకెల మీదే తర్వాత పని అంతా.

ఫైల్‌సిస్టమ్ చెడితే ఎఫ్‌ఎస్‌సీకే, అదే దాన్ని రిపేర్ చేసే కమాండ్, నడపాలి అని అందరికీ తెలుసు. దానికన్నా ముందు కార్డు మొత్తాన్ని ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా కాపీ, తీసుకోండి. లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే డీడీరెస్క్యూ, అది చదవగలిగినంత ముందు చదివి, మొరాయించిన చోట్లకి తర్వాత మళ్ళీ వెళ్తాది. రిపేర్ ఆ ఇమేజ్ కాపీ మీద చెయ్యండి, అసలు కార్డుని ముట్టుకోకండి. ఎందుకంటే చావుబతుకుల్లో ఉన్న కార్డు మీద ఎఫ్‌ఎస్‌సీకే వేలకొద్దీ రాతలు రాస్తాది, ఉన్న ప్రాణం కూడా పోతాది. ఇంకో రకం ఉంది, కార్డు రాతని తీసుకున్నట్టే నటిస్తాది. ఒక ఫైలు డిలీట్ చేస్తాం, పోతాది, కార్డు తీసి మళ్ళీ పెడితే ఆ ఫైలు అక్కడే ఉంటాది. రిపేర్ సక్సెస్ అంటాది, మళ్ళీ పెడితే అదే తప్పు. అలాంటి కార్డు రాయడం మానీసి చదవడానికి మాత్రం ఇస్తోంది, మన అదృష్టం అది, కాపీ తీసుకుని కార్డుని వొగ్గీండి.

ఇప్పుడు అందరూ బూట్ అవ్వలేదు అనుకునేది, నిజానికి దాదాపు బూట్ అయిపోయినది ఒకటి చెప్తాను. విజయనగరంలో నాకు తెలిసినాయన ఒకరు, గంటస్తంభానికి దగ్గర్లో బట్టల షాపు, బిల్లింగ్ ఫైళ్ళన్నీ పై 4 మీద సాంబా షేర్‌లో, అంటే షాపులో అన్ని కంప్యూటర్లకీ కనబడే ఫోల్డర్‌లో, పెట్టుకున్నారు. సిరిమాను పండగ ముందు, షాపు కిటకిటలాడే రోజుల్లో, పై ఆగింది. బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు కార్డు తీసి ఫ్లాష్ చేసీబోతుంటే, అంటే కొత్త ఓఎస్ రాసీబోతుంటే, ఆయన నాకు ఫోన్ చేశారు. బాబూ, ముందు టీవీకి పెట్టి ఏం రాసుందో చదువు అన్నాను. ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ అని ఒక డిస్కు పేరు పక్కన సెకన్లు లెక్కపెడతా, నిమిషంన్నర అయ్యాక ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి ఆగింది. ఏమైందంటే సినిమాలున్న బయటి డిస్కుని వాళ్ళ బావమరిది పెళ్ళి వీడియో కాపీ చేసుకోవడానికి పట్టుకుపోయాడు. ఎఫ్‌స్టాబ్ అని, లేచేటప్పుడు ఏ ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసుండే ఫైలు, అందులో ఆ డిస్కు కోసం ఒక లైన్ ఉంది, దానికి నోఫెయిల్ అన్న మాట లేదు. నోఫెయిల్ లేకపోతే సిస్టమ్‌డీ దృష్టిలో ఆ డిస్కు తప్పనిసరి, అది రానిదే మిగతావి ఏవీ లేపదు, నెట్‌వర్క్ కూడా. రూట్ అకౌంట్‌కి, అంటే అడ్మిన్ అకౌంట్‌కి, పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళనివ్వదు కూడా. కార్డుని లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెట్టి ఆ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టించాను, అంతే, లేచి కూర్చుంది. కార్డు, బోర్డు, ఓఎస్ అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ హ్యాష్ పెట్టకుండా ఫ్లాష్ చేసుంటే పండగ ముందు బిల్లులన్నీ గాల్లో కలిసేవి. మీ ఇంటికెళ్ళి ఎఫ్‌స్టాబ్ తెరిచి బయటి డిస్కుల లైన్లన్నిటికీ నోఫెయిల్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

(సభలోంచి ఒక అమ్మాయి: సర్, నా దాంట్లో పచ్చ లైటు బాగానే వెలుగుతోంది, స్క్రీన్ లేదు, నెట్‌వర్క్‌లో రావట్లేదు.)

అమ్మా, అది లేచే ఉండొచ్చు. ముందు రౌటర్ పేజీ తెరిచి ఏ ఏ డివైసులున్నాయో చూడు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ వేరే ఐపీ ఇచ్చి ఉంటాది, నువ్వు పాత ఐపీకే కొడుతుంటావు. కొన్నిసార్లు రౌటర్ లేవకముందే పై లేచి కూర్చుంటాది, వైఫై అందదు, లాన్ వైరు పెట్టి చూడు. ఇంకోటి, పై 4 వరకూ బోర్డులో గడియారం లేదు, కరెంటు పోతే టైము ఆగిన చోటే ఉంటాది, నెట్ వచ్చాకే సరిచేసుకుంటాది. ఇంట్లో డీఎన్‌ఎస్, అంటే వెబ్‌సైట్ పేరుకి చిరునామా వెతికే పని, అంతా ఆ పై-హోల్ మీదే ఉంటే, అది పాత తేదీలో ఉండి డీఎన్‌ఎస్‌సెక్, అంటే ఆ చిరునామాలు అసలువా కాదా అన్న తనిఖీ, తప్పు అంటాది, ఇంటిల్లిపాదీ నెట్ పోయింది అంటారు. పై 5లో గడియారం పెట్టారు, బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. స్క్రీన్ అసలు లేకపోతే సీరియల్ కేబుల్ ఒకటి కొనుక్కో అమ్మా, యూఎస్‌బీ నుంచి టీటీఎల్, 3.3 ఓల్టులదే తీసుకో, 5 ఓల్టులది వద్దు. ఆరో పిన్ను గ్రౌండ్, ఎనిమిది, పది డేటా, కాన్ఫిగ్ ఫైల్లో ఎనేబుల్ యూఆర్ట్ 1 పెట్టి, స్పీడు 115200. బూట్ అవుతున్న ప్రతి లైనూ నీ ల్యాప్‌టాప్‌లో కనబడతాది. నన్నడిగితే టీవీ కంటే అదే మేలు.

(ఒక పెద్దాయన: ఎస్‌ఎస్‌డీకి మారిపోతే ఈ బాధలన్నీ ఉండవు కదా మాస్టారూ?)

కార్డు బాధ పోతాదండి, కరెంటు బాధ పెరుగుతాది. పై 4 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 యాంపులే ఇస్తాది, కొన్ని డిస్కులు లేచేటప్పుడు దానికి దగ్గర్లో లాగుతాయి. సొంత కరెంటున్న హబ్ పెట్టుకోండి. ఇంకోటి ఆ సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్, లోపల చిప్ కొన్ని పైతో పడవు, యూఏఎస్ అని యూఎస్‌బీ డిస్కులతో వేగంగా మాట్లాడే పద్ధతి ఉంది, అందులో మొరాయిస్తాయి, నిమిషాల తరబడి తడుముకుని అప్పుడు లేస్తాయి, లేదా లేవవు. ఆ చిప్ నంబరుతో సీఎండీలైన్‌లో యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్స్ అని ఒక ముక్క చేరిస్తే యూఏఎస్ ఆగి మామూలుగా నడుస్తాయి, స్పీడు కొంచెం తగ్గుతాది, తగ్గనివ్వండి. ఎస్‌ఎస్‌డీ అయినా కరెంటు ఠపీమని పోతే ఫైల్‌సిస్టమ్ చెడే వీలుంది కాబట్టి బ్యాకప్ మాత్రం తప్పదు. ఫొటోలు ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని పై బోర్డుకి తగిలించి ఉంచకుండా బీరువాలో పెట్టండి, కుదిరితే ఇంకో ఊళ్ళో చుట్టాలింట్లో ఇంకో కాపీ. నెలకొకసారి ఆ డిస్కులోంచి నాలుగు ఫొటోలు తెరిచి చూడండి, తెరుచుకుంటున్నాయా లేదా అని.

మనకి ఉప్పుగాలి కూడా ఉంది. కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే మీ పోర్టులు టార్చి వేసి చూసుకోండి, పిన్నుల మీద పచ్చగా, తెల్లగా పూత పట్టుంటే పవర్ పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, బాగా ఆరనిచ్చి అప్పుడు పెట్టండి.

బోర్డులు తెచ్చుకున్నవాళ్ళు ఎంతమంది? అటుపక్క టేబుల్ మీద పెట్టండి, మీటరు నా దగ్గరుంది, మంచి అడాప్టర్లు రెండున్నాయి. కార్డు మాత్రం నా చేతికి ఇచ్చేముందు దాంట్లో ఏముందో, ఇంకెక్కడైనా కాపీ ఉందో లేదో చెప్పండి, లేదంటే ముందు దాని ఇమేజ్ తీశాకే మొదలెడదాం.